ఏమంటుందో అడుగు

డిసెంబరు 2

ఖమ్మంలో ట్రైనింగ్ అయిపోయింది. ఇక మీదట నేను మా బాలికల ఆశ్రమ పాఠశాలకు సోషల్ టీచర్నే కాక వెల్‌బీయింగ్ టీచర్ని కూడా. స్టాఫ్ మీటింగులో ఎవరూ చెయ్యెత్తకపోతే హెడ్‌మాస్టర్ కోటేష్ గారు నా పేరు రాసి పంపారు. మీరైతే ఓపికగా వింటరు లిదియా మేడం అన్నారు. వినేటప్పుడు సగం సేపు నేను ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తుంటానని ఆయనకు తెలియదు.

ట్రైనింగిచ్చిన అమ్మాయి మా కూతురు దీవెన కంటే కొంచెం పెద్దదేమో. పిల్లల మనసు చూసేవాళ్ళు తమ మనసు కూడా రాసుకుంటూ ఉండాలని చెప్పింది. అందరూ తలలూపారు. రాస్తున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పాల్వంచలో బస్సు దిగలేదు. మా ఆయన క్రిస్టోఫర్‌ది ఈ వారం నైట్ షిఫ్ట్. ఖాళీ ఇంటికి పోయి ఏం చేయాలి? నేరుగా బడి దగ్గరి కిరాయి గదికే వచ్చేశాను.

డిసెంబరు 4

వరండాలో పోస్టర్ అంటించాం. "నీ మనసులో మాట చెప్పు" అని పెద్ద అక్షరాలు. హాస్టల్ పిల్లలు గుమిగూడి గట్టిగా చదివారు. ఒకతె అడిగింది, చెప్తే ఏమైతది మేడం అని. దానికి జవాబు ట్రైనింగులో చెప్పలేదు. మంచిగైతది అన్నాను.

డిసెంబరు 9

ఈ రోజు మనసు కొంచెం తేలికగా ఉంది. అది కూడా రాసుకోవాలి కదా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ. ఎనిమిదో తరగతి సుజాత చిక్కుడుకాయ కూరను పళ్ళెం అంచుకు నెట్టేసి ఉత్త అన్నం కెలుకుతున్నది. వార్డెన్ ఉషారాణి చూసి, ఇక్కడేమన్న హోటల్ పెట్టినమా అని అందుకున్నది. పిల్ల తలెత్తలేదు. ఉషారాణిని పక్కకు పిలిచి చెప్పాను. కోయ ఊళ్ళలో చిక్కుడు పండుగ చేసి, దేవతకు పెట్టిందాకా కొత్త చిక్కుళ్ళు నోట పెట్టరు. ఏ ఊరి పెద్దలు ఆ ఊరికి రోజు పెట్టుకుంటారు. సుజాత వాళ్ళ ఊళ్ళో ఇంకా అయ్యుండదు. అది పంతం కాదు, కట్టుబాటు.

ఉషారాణి నన్ను ఎగాదిగా చూసి, "మెడల సిలువ ఏసుకోని వాళ్ళ దేవతల సంగతి మీరే చెప్పాలె" అన్నది. కానీ తిట్టడం మానేసింది. సుజాత పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

ఎం.ఫిల్.లో ఈ పండుగల మీదే రాశాను. ఇన్నేళ్ళకు ఒక పిల్లకు తిట్లు తప్పించడానికి పనికొచ్చింది.

డిసెంబరు 10

కోటేష్ గారికి ఉషారాణి చెప్పినట్టుంది. చాలా బాగా పట్టుకున్నరు మేడం, మండల మీటింగులో మీరు మాట్లాడాలె అన్నారు. వద్దన్నాను. రెండోసారి అడిగితే సరేనన్నాను.

డిసెంబరు 15

సుజాత గుడ్డు పక్క పిల్లకు ఇచ్చేసింది. గుడ్డుకు పండుగ లేదు. ఏదో మొక్కు అయ్యుంటుంది. పిలిచి అడిగాను. మొక్కుకున్నావా? "అవ్ మేడం." ఒంట్లో బాగానే ఉందా? "అవ్ మేడం." ఇంటి మీద బెంగ పెట్టుకున్నావా? దానికీ అవ్ మేడమే.

పోయినేడాది ఈ పిల్ల నోటికి తాళం వేయడం ఎవరి వల్లా అయ్యేది కాదు. పక్కన జోగి కూర్చునేది, ఆ పిల్ల మాట కూడా ఇదే మాట్లాడేది.

జోగి సంగతి హాస్టల్లో ఎత్తొద్దని సెప్టెంబరులో స్టాఫ్ అందరం అనుకున్నాం. ఇక్కడ మాత్రం ఎందుకు ఎత్తడం.

డిసెంబరు 18

సుజాత పెదాలు పగిలాయి. చలికి అందరివీ పగిలాయి.

డిసెంబరు 26

పాల్వంచ. పండుగ బాగానే జరిగింది. క్రిస్టోఫర్ డాబా మీద స్టార్ కట్టాడు. ఖమ్మం హాస్టల్ నుంచి దీవెన వచ్చింది. ఇంటర్ రెండో ఏడు. చర్చిలో కూడా పాడలేదు. ఏమైందే అంటే, ఏం లేదు మమ్మీ. చదువు ఎట్లుంది అంటే, బాగుంది మమ్మీ.

రాత్రి అన్నాల దగ్గర క్రిస్టోఫర్ నవ్వుతూనే అన్నాడు. "ఊర్ల పిల్లలకు కౌన్సిలింగ్ ఇస్తవు. ఇంట్ల పిల్ల మాట్లాడుతుంటె ఫోన్ చూస్తవు." ఆ ఫోన్లో కోటేష్ గారి మెసేజ్ ఉంది, మీటింగులో ఏం మాట్లాడాలో పంపమని. అది చెప్పలేదు. ఫోన్ బోర్లించి పెట్టాను. అప్పటికి దీవెన చెయ్యి కడుక్కుంటున్నది.

జనవరి 4

ఆదివారం. ఇంటికి పోలేదు. తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే రోజు.

సుజాత వాళ్ళమ్మ భీమక్క వచ్చింది. టిఫిన్ డబ్బాలో చిక్కుడుగింజల కూర తెచ్చింది. నేను పెద్ద తెలిసినదానిలా, అయితే పండుగ అయిందన్నమాట అన్నాను.

"ఎప్పుడో అయిపాయె మేడం. చలి మొదలైనప్పుడే చేసినం. ఈ పిల్ల గూడ వచ్చిపాయె."

వచ్చిందా? తిన్నదా?

తినలేదట. ఊరంతా తిన్నా తినలేదట. ఇంటికాడ తినకపోయినా హాస్టల్ల మంచిగ తింటది, మేడమోళ్ళు సూస్తరు అనుకున్నదట భీమక్క. నేనేమో ఇక్కడ తినకపోయినా ఇంటి దగ్గర... ఏమనుకున్నానో కూడా సరిగ్గా గుర్తు లేదు. పండుగ అనుకున్నాను, మొక్కు అనుకున్నాను. తినడం లేదు అని మాత్రం అనుకోలేదు.

సుజాత ఆ డబ్బా మూత తీయకుండానే పక్క పిల్లకిచ్చింది.

జనవరి 6

నర్సమ్మ వచ్చి చూసింది. రక్తం తక్కువుందన్నది. ఐరన్ మాత్రలిచ్చింది. హాస్టల్లో అందరికీ అవే మాత్రలు.

మండల మీటింగులో మాట్లాడనని కోటేష్ గారికి చెప్పాను. ఎందుకని అడిగారు. గొంతు బాగాలేదన్నాను.

జనవరి 9

రేపటి నుంచి సెలవులు. ఇంటి తిండి పడితే కుదురుకుంటది అని ఉషారాణి అన్నది. కోటేష్ గారు అన్నారు. నేనూ అన్నాను.

జనవరి 19

కుదురుకోలేదు. జాకెట్టు భుజాల మీద నుంచి జారుతున్నది. క్లాసులో బల్ల మీద తల పెట్టి పడుకున్నది. లేపలేదు.

జనవరి 20

ఇది వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేను దీన్ని ఇంకోలా చేసుకుంటాను.

అడవి లోపల, వాగు అవతల, సరిహద్దు దాటి వచ్చి గుడిసెలు వేసుకున్న గుత్తికోయల గూడెం ఒకటుంది. జోగి ఆ గూడెం పిల్ల. మొన్న సెలవుల తర్వాత అక్కడి నుంచే ఒక చిన్నది మూడో తరగతిలో చేరింది. తెలుగు ఒక్క ముక్క రాదు. పొద్దుటి నుంచి కడుపు పట్టుకుని ఏడుస్తున్నది. మా స్టాఫులో ఒక్కరికీ కోయ మాట రాదు. పండుగల మీద అంత రాసిన నాకూ నాలుగు ముక్కలు మించి రావు. మా బడిలో ఎప్పుడూ ఒకటే పద్ధతి. రెండు భాషలూ వచ్చిన పిల్లను పిలిచి "ఏమంటుందో అడుగు" అంటాం. నేనూ అన్నాను, ఎన్నోసార్లు. జోగి కోసం సుజాతను పిలిచేవాళ్ళం. అలవాటు కొద్దీ ఉషారాణి ఈ రోజూ సుజాతనే పిలిచింది.

చిన్నది సుజాత చెయ్యి పట్టుకుని ఏడుస్తూ చాలా చెప్పింది. ఏమంటున్నదే అని ఉషారాణి అడిగింది. సుజాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నది. ఉషారాణి మళ్ళీ అడిగింది.

"నేను చెప్ప మేడం. నేను చెప్తె సస్తరు."

నేను చిన్నదాన్ని నర్సమ్మతో దవాఖానకు పంపి, సుజాతను ఖాళీ క్లాసులోకి తీసుకుపోయాను. కింద కూర్చున్నాం. నేను ప్రశ్నలు వేయలేదు. తెలివితో కాదు, నోరు రాలేదు.

తనే చెప్పింది. ముక్కలు ముక్కలుగా. సెప్టెంబరు వానల్లో జోగికి కడుపునొప్పి, జ్వరం. ఉషారాణి ఎట్లుందని అడగమన్నది. జోగి సుజాతతో చెప్పింది, జరమని చెప్పకు, ఇంటికి పంపుతరు, వాగు దాటి పోతే మా నాయన మళ్ళ రానియ్యడు అని. సుజాత మా వైపు తిరిగి తెలుగులో అన్నది, "ఏం లేదంట మేడం. తలకాయ నొస్తుందంట." ఆ వరండాలో నేనూ ఉన్నాను. ఆ మాట నేనూ విన్నాను. ఒక మాత్ర ఇచ్చి పడుకోమన్నాం. తర్వాత జోగి లేవలేదు. మేం కబురు పెడితే వాళ్ళ నాయన వచ్చి, ఒక్కడే భుజానేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడే పోయింది.

మేము పిల్లలకు, జోగి చదువు మానేసి ఇంటికి పోయిందని చెప్పాం. తెలిస్తే భయపడతారని. ఊళ్ళ నుంచి వచ్చి పిల్లల్ని తీసుకుపోతారని.

నీకెట్లా తెలుసు అన్నాను. సంతలో జోగి అమ్మ కనబడిందట. దీన్ని చూసి ఏడ్చిందట. ఇది ఉరికి వచ్చేసిందట.

అన్నం ముందు కూర్చుంటే పక్కన జోగి ఉన్నట్టే ఉంటదట. ముద్ద దిగదట.

నేను అన్నాను, నీ తప్పు కాదు సుజాతా అని. ట్రైనింగులో అలాగే అనమన్నారు. "అవ్ మేడం" అన్నది.

జనవరి 21

కోటేష్ గారు తలుపు దగ్గరికి వేసి మాట్లాడారు. పిల్లను ఇంటికి పంపిద్దామంటారు. ఆరోగ్యం బాగైనంక రమ్మందాం అంటారు. ఆయన చెడ్డవాడు కాదు. సెప్టెంబరు నుంచి బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు. "ఇంకొకరికి ఏమన్న అయితె నేను తట్టుకోలేను మేడం" అన్నాడు. సార్ నోట ఆ మాట నేను మొదటిసారి వినడం.

పంపితే అది మళ్ళీ రాదు. వాళ్ళ ఊరి నుంచి ఎనిమిది దాకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే. అదొక్కటే కాదు, జోగిని కూడా ఇంటికే పంపామని చెప్పుకున్నాం. ఇప్పుడు సుజాత కూడా ఇంటికి పోతే మిగతా పిల్లలు ఆ మాటకు ఏం అర్థం చేసుకుంటారు? ఇదంతా గట్టిగానే అన్నాను.

ఆదివారం వాళ్ళమ్మను తోడు తీసుకుని సుజాతను జోగి వాళ్ళింటికి తీసుకుపోతానన్నాను.

"వాళ్ళు పిల్లను పట్టుకోని తిడితె? కొడితె?"

తెలియదన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తల్లి సంతకం పెట్టి తీస్కపోతె అది ఔటింగ్, మీరు యాడికి పోతున్నరో నేనడగ అన్నాడు. సోమవారం దాకా చూద్దాం అన్నాడు.

జనవరి 23

ట్రైనింగిచ్చిన అమ్మాయికి ఫోన్ చేశాను. అలా తీసుకెళ్ళకండి మేడం, కౌన్సిలర్ ఉండాలి అన్నది. కౌన్సిలర్ మా వైపు వచ్చేది మార్చిలో. ఆ అమ్మాయిది తప్పు కాదు. నాకైనా ఆ మాటే సరైనదనిపిస్తుంది. ఒక పిల్లను, అది అందరికంటే ఎక్కువ భయపడుతున్న మనిషి ఎదుటికి తీసుకుపోతున్నాను. సుజాత కోసమా, నా కోసమా?

సుజాతను అడిగాను. పోదామా? ఈసారి అవ్ మేడం అనలేదు. మా అమ్మ వస్తదా అన్నది. వస్తుందన్నాను.

జనవరి 24

జోగి రేకుపెట్టె స్టోర్‌రూంలోనే ఉందట. ఎవరూ తీసుకుపోలేదు. రేపు ఇచ్చొస్తానని తాళం అడిగాను. ఉషారాణి తనే పోయి తెచ్చింది. స్టోర్‌లో అన్నిటి మీదా వేలెడు దుమ్ము. ఆ పెట్టె మీద లేదు.

ఆమె ముఖం చూడకుండా పెట్టె తీసుకున్నాను.

జనవరి 25

రోడ్డున్నంత వరకు ఆటో, తర్వాత నడక. పెట్టె భీమక్క నెత్తిన పెట్టుకున్నది. వాగులో మోకాలి లోతు నీళ్ళే. వానల్లో ఇదే దాటనివ్వదు. సుజాత వెనక నడిచింది. రెండుసార్లు కూర్చున్నది. రెండోసారి ఇక లేవదనుకున్నాను. వాళ్ళమ్మ నెత్తిన పెట్టె సర్దుకుని, మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. సుజాత లేచింది.

జోగి అమ్మ ముత్తక్క ఇంటి ముందు ఇప్పాకు దొప్పలు కుడుతున్నది. నాకంటే చాలా చిన్నది. పెట్టెను చూసింది. తర్వాత సుజాతను చూసింది. లేచి లోపలికి పోయింది.

నేను అనుకున్నాను, అయిపోయింది, తప్పు చేశాను. తిరిగి పోదామా అని భీమక్క వైపు చూశాను. భీమక్క పెట్టె దించి, చెమట తుడుచుకుని, అక్కడే చతికిలబడ్డది.

ముత్తక్క జావ ముంత, మూడు దొప్పలు పట్టుకుని బయటికొచ్చింది. మా ముందర పెట్టింది. ఎవరమూ ముట్టలేదు.

అప్పుడు సుజాత మాట్లాడింది. కోయలో. తల వంచుకుని, ఒకే గొంతుతో, పాఠం ఒప్పచెప్పినట్టు. నాకు జోగి అన్న పేరు తెలిసింది, మేడం అన్న మాట తెలిసింది. మిగతాది తెలియకపోయినా ఏం చెబుతున్నదో తెలుసు. ముత్తక్క మధ్యలో ఒక్కసారే ఏదో అడిగింది. సుజాత చెప్పింది. ఎక్కడో కోడి అరుస్తున్నది.

ముత్తక్క చెయ్యి చాపి సుజాత రెక్క పట్టుకుని లాగింది. నేను సగం లేచాను. ఆమె పిల్లను తన మోకాళ్ళ ముందు కూర్చోబెట్టుకుని, రిబ్బన్ విప్పి, జడ చిక్కులు తీసి, పేలు చూడ్డం మొదలుపెట్టింది. చూస్తూ మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఒకచోట గొంతు పెరిగింది, తిట్టినట్టే. ఒకచోట ఏడ్చింది, చేతులు మాత్రం ఆగలేదు. సుజాత భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. శబ్దం రావడం లేదు. తర్వాత శబ్దం కూడా వచ్చింది.

నోరు ఊరుకోదు కదా. భీమక్క వైపు వంగి, ఏమంటున్నది అన్నాను.

భీమక్క నా వైపు తిరగలేదు. "మీకు గాదు మేడం" అన్నది.

ఆమె మాటలో విసురు లేదు. ఎండ పడుతుంది జరుగు అన్నట్టే అన్నది. నేను జరిగి కూర్చున్నాను.

ముత్తక్క రెండు జడలు వేసింది. నాకు సుజాత ఎప్పుడూ ఒక్క జడతోనే తెలుసు. తర్వాత జావ దొప్ప దాని చేతిలో పెట్టి, తాగిందాకా చెయ్యి తీయలేదు. ఎన్ని గుక్కలు తాగిందో లెక్క చూసుకోకుండా ఉండడానికి నేను అడవి వైపు చూశాను. చూడకుండా ఉండలేకపోయాను కూడా. తాగింది.

వచ్చేముందు నన్ను చూసి ముత్తక్క ఒక మాటన్నది. ఇది నాకే. ఏమన్నదో చెప్పమని సుజాత వైపు ఎవరూ తిరగలేదు. భీమక్క చెప్పింది, "ఆ రోజు మీరు గూడ రావాల్సుండె అంటున్నది."

అవును అన్నాను. తెలుగులోనే అన్నాను. అర్థమైంది ఆమెకు.

జనవరి 27

ఎనిమిదో తరగతిలో పుస్తకం తెరవకుండా చెప్పాను. జోగి చదువు మానేయలేదు, చనిపోయింది, మేము అబద్ధం చెప్పాం అని. రాత్రంతా తయారు చేసుకున్న వాక్యాలు, మూడు ముక్కల్లో అయిపోయాయి.

ఒక పిల్ల అన్నది, మాకెరికనే మేడం అని. ఇంకొకతె, మీకు తెల్వదనుకున్నం అన్నది. ఇన్నాళ్ళూ వీళ్ళు మమ్మల్ని భయపెట్టొద్దని ఊరుకున్నారేమో.

తర్వాత ఏడుపులు, ముక్కులు చీదుకోవడం. జోగి తెలుగులో నేర్చుకున్న మొదటి మాట ఏదో ఒకతె గుర్తు చేసింది, అది బూతు మాటట, అందరూ నవ్వారు. సుజాత నవ్వలేదు. కానీ బల్ల మీద తల పెట్టుకోలేదు.

కోటేష్ గారు నన్ను అడగకుండా ఎందుకు చెప్పారు మేడం అన్నారు. మెమో ఇస్తానన్నారు. ఇవ్వండి సార్ అన్నాను. సుజాతను పంపే మాట ఆయన ఎత్తలేదు. నేను గుర్తు చేయలేదు.

జనవరి 28

దీవెనకు ఫోన్ చేశాను. ఏం లేదు మమ్మీ అన్నది. సరే, పెట్టకు, ఊరికే లైన్లో ఉండు అన్నాను. ఉన్నది. ఫ్యాన్ చప్పుడు వినబడింది. ఆదివారం ఖమ్మం పోతాను.

జనవరి 30

చిన్నదానికి మళ్ళీ కడుపునొప్పి. ఉషారాణి అలవాటు చొప్పున ఏడో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, ఏమంటుందో అడగవే అన్నది. అని తనే ఆగిపోయింది. "మరి ఎవర్ని అడగాలె మేడం? నాకు రాదాయె, మీకు రాదాయె." పిల్లను క్లాసుకు పొమ్మన్నాను. చిన్నదాన్ని నేనే చంకనెత్తుకుని ఆటోలో దవాఖానకు పోయాను. బరువుంది. నడుము పట్టేసింది. ఏమంటున్నది మేడం అని డాక్టర్ అడిగాడు. తెలియదు సార్, ఎక్కడ నొస్తుందో మీరే చెయ్యి పెట్టి చూడండి అన్నాను. విసుక్కున్నాడు. చూశాడు. నులిపురుగులు.

ఈ ఒక్కసారికి అయింది. రోజూ ఎవరు ఎత్తుకుపోతారు? కోయ మాట వచ్చిన పెద్దామెను ఒకరిని ఆయాగా పెట్టమని కోటేష్ గారిని అడగాలి. పోస్టు లేదంటారు. మళ్ళీ అడగాలి.

వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాలు సగమయ్యాయి. సుజాత మొన్న తిన్నది, నిన్న తిన్నది, ఈ రోజు మళ్ళీ సగం పళ్ళెం దగ్గర ఆగిపోయి కూర్చున్నది. ఎందుకని నాకు తెలియదు. వంకాయ బాగాలేకపోవచ్చు. జోగి కావచ్చు. అడగబోయి ఊరుకున్నాను.

నేనూ ఒక పళ్ళెం తెచ్చుకుని, కింద, దాని పక్కన కూర్చుని తిన్నాను. అన్నం చల్లారిపోయింది. అది కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. నాది అయిపోయిందాకా లేవలేదు.